అక్క కాలి కింద రాయి

ఆ రోజుల్లో కొండను చూస్తే నాకు కొండ కనిపించేది కాదు, అది పుట్టిన కాలం కనిపించేది. కాలేజీలో భూగర్భశాస్త్రం అప్పుడే మొదలుపెట్టాను. భూమి లోపల కరిగిన ముద్ద మెల్లగా చల్లారి రాయి కావడం, పైమట్టిని వానలు కడిగేస్తే అదే కొండగా బయటపడటం తలుచుకుంటూ తిరుత్తణి బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయేవాణ్ణి. (కండక్టరుకు ఇదంతా వివరించి చూశాను. మళ్లీ టికెట్టు కొట్టాడు.)

అందుకే అక్క పెళ్లికి సన్నికల్లు తెచ్చే పని నా మీద పడింది. మాలో పెళ్లికొడుకు పెళ్లికూతురి పాదాన్ని సన్నికల్లు మీద పెట్టి మెట్టెలు తొడుగుతాడు, కాపురం ఆ రాయిలా గట్టిగా నిలవాలని. మిక్సీ వచ్చాక మా ఇంటి సన్నికల్లు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. "రాళ్ల సదువు సదవతా ఉండాడు గదా, వాణ్ణే తెమ్మను," అంది అవ్వ. "మంచిది చూసి తేరా నాయనా, అక్క బతుకు దాని మీదే ఉండాది."

కే.జీ.కండిగై దగ్గర గుట్టలన్నీ తిరిగాను. ఎండ వాలే వేళ ఒక పలక తళతళమంది. పొరల నిండా అభ్రకం, మధ్యలో గులాబీ రంగు చార. దాని ముందు కూర్చుని ఎన్ని యుగాలు వెనక్కి వెళ్లానో, తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది. పసిబిడ్డలా తువ్వాలులో చుట్టి తెచ్చి, కడిగి పసుపు పూశాను. (అవ్వకు పాఠం కూడా చెప్పాను. నిద్రపోయింది.)

పెళ్లి తిరుత్తణి కొండ కింద మండపంలో. అక్క కాలు మోపగానే కరకరమని చప్పుడైంది. పలక అప్పడంలా విరిగి ఇసుకై రాలిపోయింది. మేళం ఆగింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదేం శకునమమ్మా!" అంది పెళ్లికొడుకు తల్లి. "యాడ తెచ్చినావురా దీన్ని?" అని నాన్న పళ్లు నూరాడు. భయానికి నా నోరు ఊరుకోలేదు. "ఎండకూ వానకూ లోపలే మెత్తబడిపోయిండాది నాన్నా, నేల ఇట్లనే తయారయ్యేది..."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ ఇసుకలోనే కలిసిపోవాలనిపించింది. అప్పుడు బావ లేచాడు. మండపం కట్టినవాళ్లు పగలగొట్టలేక వదిలేసిన కొండబండ ఒకటి గోడ పక్కన నేలలోంచి పైకి లేచి ఉంది. "కొండ కిందే కూచోని రాయిని ఎతుక్కునేది ఎందుకు?" అని అక్కను చెయ్యి పట్టి నడిపించి, ఆ బండ మీద కాలు పెట్టించి మెట్టెలు తొడిగాడు. "ఇది పగిలితే నన్నడగండి." అక్క ఏడుస్తూనే నవ్వేసింది. మేళం అందుకుంది.

ఇప్పుడు సెలవు రోజుల్లో కొండలెక్కే పిల్లలను వెంటేసుకుని అవే గుట్టల్లో తిరుగుతున్నాను. రాయి పుట్టుక గురించి ఇంకా మైమరచే చెబుతాను, కాకపోతే ముందు సుత్తితో ఒక దెబ్బ వేసి చూస్తాను. ఆ రోజు అవ్వ ఆ ఇసుకను పారేయనివ్వలేదు. కొంగున కట్టుకెళ్లి అక్క ఇంట్లో మల్లె పాదులో పోసింది. నేను వెళ్లినప్పుడల్లా అక్క దోసెడు మొగ్గలు తెచ్చి నా ముందు పోస్తుంది. తువ్వాలులో రాయిని ఎత్తుకుని గుట్ట దిగిన ఆ పిల్లవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

"చూడరా," అంటుంది అక్క, "నీ రాయి ఈ ఏడు కూడా పూసింది."