బంతిలో పాపాయి

రాజమండ్రిలో వెన్నెల కలర్ ల్యాబ్ మేడ మీద ఒక చల్లటి గది, అందులో ఒక నల్లటి సర్వర్ ఉండేవి. కోనసీమ నుంచి నరసాపురం దాకా ల్యాబ్ వాళ్ళు తీసిన పెళ్ళి ఫొటోలన్నీ అందులోనే. ఏసీ సన్నగా రొద పెడుతుంటే, జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టుకున్న జంటలన్నీ ఆ పెట్టెలో నిద్రపోతున్నట్టు సాయిదుర్గకు అనిపించేది. మొగల్తూరు నుంచి వచ్చి కంప్యూటర్ డిప్లొమా చేసి, ఆ సర్వర్ చూసుకునే ఉద్యోగంలో చేరిన పిల్ల. ఆ నిద్రకు తనే కాపలా అనుకుంటే ఆమెకు గర్వంగా ఉండేది.

కాపలా ఉంది సరే, తలుపేదీ? ల్యాబ్‌లోనూ రావులపాలెం బ్రాంచిలోనూ అందరికీ ఒకటే పాస్‌వర్డ్, వెన్నెల. టీ తెచ్చేవాడికి కూడా తెలుసు. మారుద్దామంటే ఓనర్ ఉదయభాస్కర్ గారు "అంతా మనోళ్ళే కదమ్మా" అని నవ్వేసేవారు. 2007లో ఇంకో ఊరి ల్యాబ్ నుంచి ఒక పెళ్ళికూతురి ఫొటో బయటికి పొక్కి, ఆ ల్యాబ్ కాస్తా మూతపడింది. అప్పుడు ఆయన నవ్వు మానేశారు.

"మన దగ్గర్నుంచి ఒక్క ఫొటో బయటికెళ్ళినా ల్యాబూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదమ్మా."

సాయిదుర్గ ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకిచ్చింది. ల్యాబ్‌వి కాని కంప్యూటర్లకు దారి మూసేసింది. సర్వర్‌లోకి రాకపోకలన్నీ తెర మీద పచ్చగీతలా కనబడేలా, ఎవరైనా పాస్‌వర్డ్ తప్పు కొడితే తన ఫోన్ మోగేలా పెట్టింది. ఆ గీత ఆటుపోట్లలా లేస్తూ దిగుతూ ఉంటే మైమరచి చూసేది.

మర్నాడు భోజనాల వేళ ఫోన్ మోగింది. రావులపాలెం నుంచి ఎవరో తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నారు. ఆ మర్నాడూ అదే వేళకు మోగింది. సర్వర్‌లో పాత రాకపోకల లెక్కలు తిరగేస్తే, నెలల తరబడి రోజూ ఆ వేళకే అక్కణ్ణుంచి ఎవరో లోపలికొచ్చి వెళ్తున్నారు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా," అన్నారు ఉదయభాస్కర్ గారు దిగులుగా.

"నేను పడతానండి," అని బస్సెక్కేసింది.

గౌతమి వంతెన మీద గాలికి కునుకు పట్టింది. కలలో పెళ్ళికూతుళ్ళంతా సర్వర్‌లోంచి లేచి, పట్టుచీరలు తడవకుండా పైకి పట్టుకుని రేవులోకి దిగుతున్నారు. అరటి గెలల వాసనకు మెలకువ వచ్చేసరికి రావులపాలెం.

బ్రాంచిలో అందరూ భోజనాలకు వెళ్ళారు. కంప్యూటర్ ముందు వాచ్‌మన్ గంగరాజు, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు.

"ఏంటి బాబాయ్ నువ్వు చేసే పని?" కోపంగా అడిగింది సాయిదుర్గ.

గంగరాజు గబుక్కున లేచాడు. "ఆయ్, వెన్నెల అని కొడితే తెరుచుకునేదండి. కుర్రోళ్ళు నేర్పారు. ఇప్పుడెందుకో రావట్లేదండి. మా పాపాయిని చూద్దామనీ..."

సాయిదుర్గ తన పాస్‌వర్డ్‌తో తెరిచింది. గంగరాజు చూపిన చోట ఎవరిదో పెళ్ళి, బంతి భోజనాల ఫొటోలు. విస్తళ్ళ వెంట నడుస్తూ ప్రతి మొహాన్నీ తీస్తారు కానీ, ఆల్బమ్‌లో మాత్రం ఎవరూ పెట్టించుకోరు. అందులో ఒకావిడ బుగ్గన బూరె పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సిగ్గుగా నవ్వుతోంది. గంగరాజు భార్య పాపాయి. పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయింది. ఆవిడ ఫొటో ఇదొక్కటే.

సాయిదుర్గకు ఏడుపొచ్చింది. "ప్రింట్ తీసిస్తాను బాబాయ్. పెళ్ళివారిని నేనడుగుతాను. ఫ్రేము కట్టించుకో."

అతను తల అడ్డంగా ఊపాడు.

"వద్దండి. గోడకెడితే దండెయ్యాలి, బొట్టెట్టాలి. ఇందులో అయితే ఇంకా అన్నం తింటానే ఉంటదండి. నేనూ ఎదురుగా కూర్చుని క్యారేజీ ఇప్పుకుంటాను."

సాయంత్రం సంగతంతా విన్నారు ఉదయభాస్కర్ గారు. "ఆయన్ని రానివ్వమ్మా," అన్నారు. గంగరాజు పేరు మీద ఒక్క ఫొటోకే, అదీ చూడ్డానికే, అనుమతి రాసింది సాయిదుర్గ. మిగతా తలుపులన్నీ మూసే ఉంచింది. గంగరాజు కొత్త పాస్‌వర్డ్ కొట్టడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు రోజూ భోజనాల వేళ పచ్చగీత మీద చిన్న మిట్ట లేస్తుంది. అది లేచేదాకా సాయిదుర్గ తన క్యారేజీ మూత తియ్యదు.