ఉచిత ఫీడ్, ఉదయం ఆరింటికి

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, ఏడేళ్ళ కిందటి మాటే) నేను రోజుకు పది వాక్యాలకు మించి పైకి మాట్లాడేదాన్ని కాదు. అందులో రెండు బస్సు కండక్టరుతో, ఐదు అమ్మతో పోగా, మిగిలిన మూడూ అత్యవసరాలకని దాచుకునేదాన్ని. మాట్లాడనివన్నీ డైరీలోకి పోయేవి. చూసేవాళ్ళకు నేను భలే నిదానస్తురాలిని. లోపల మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. బస్సులో కూర్చుంటే దిగాలనిపించేది, దిగితే మళ్ళీ ఎక్కాలనిపించేది, పుస్తకం తెరిస్తే ముందు చివరి పేజీ చూడాలనిపించేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, ఎంతమంది చదువుతున్నారో నిమిషనిమిషానికీ లెక్క చూపించే ఉద్యోగం.

అల్లూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి కావలి వెళ్ళేదాన్ని. స్టేషన్ దగ్గర ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల్లో మా ఆఫీసు. రైలు పోయినప్పుడల్లా బల్లల మీది టీ గ్లాసులు వణికేవి. సెల్‌ఫోన్ యాప్‌లు చేసిపెట్టే ఆఫీసు అది. నాకు యాప్‌లు చేయడం రాదు, నా పని వాటి గురించి రాయడం. చుట్టుపక్కల కాలేజీల్లో యాప్‌లు చేసే పిల్లలు చాలామంది ఉన్నారనీ, ఇంగ్లీషులో వచ్చే కబుర్లు అందక వెనకబడుతున్నారనీ మా సారు నమ్మకం. కొత్త పనిముట్లు ఏమొచ్చాయి, ఉచితంగా పాఠాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ రూలు మారింది, ఏ పాత పద్ధతి ఆగిపోతోంది, ఇవన్నీ నేను చదివి తెలుగులో రాస్తే, రోజూ ఉదయం ఆరింటికి ఒక గ్రూపులో చేరిన వాళ్ళ ఫోన్లకు వెళ్ళేది. ఇలా కబుర్లు వరసగా వచ్చి పడేదాన్ని ఈ రంగంలో ఫీడ్ అంటారు. అందుకని 'మన ఫీడ్' అని పేరు పెట్టాను. పేరు పెట్టిన రోజు డైరీలో ఒకటిన్నర పేజీ మురిసిపోయాను.

మా సారుని మేం చాటుగా అప్‌డేట్ సారు అనేవాళ్ళం. గుమ్మంలో చెప్పులు విడవకముందే "ఏమ్మా, అప్‌డేట్ ఏంది?" అనేవాడు. మూడు నెలలైనా నా అప్‌డేట్ మారలేదు: ముప్పై ఒక్క మంది. అందులో ఒకరు నేను, ఒకరు సారు, ఒకరు మా ఆఫీసులో అసలైన యాప్‌లు చేసే అక్క. (ఈ అక్కని ఎర్రర్ అక్క అనేవాళ్ళం. కంప్యూటర్ చూపించే ప్రతి తప్పునూ పైకి చదివేది. రాసింది సరిగ్గా పనిచేస్తే "స్తోత్రం" అనేది, చేయకపోతే "నా ప్రార్థన చాల్లేదు" అని మళ్ళీ మొదలుపెట్టేది.) ఒక సోమవారం సారు నా బల్ల దగ్గరికొచ్చి, "శనివారానికి రెండొందల మంది కావాల. కాకపోతే ఇది మూసేస్తాం, నిన్ను ఫోన్ల దగ్గర కూర్చోబెడతా" అన్నాడు.

ఫోన్ల దగ్గర! మా యాప్‌లు వాడేవాళ్ళు ఏదన్నా ఆగిపోతే ఫోన్ చేసి తిట్టే చోటు అది. ముక్కూ మొహం తెలియని మనుషులకు 'హలో' అని ముందు నేనే అనాలి. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించలేదు. మూడు రోజులు లేచి నీళ్ళు తాగడం, కూర్చోవడం, లెక్క చూడడం, ముప్పై ఒకటి, మళ్ళీ లేవడం. "కూర్చో మే, నువ్వు తిరుగుతా ఉంటే నాకు ఎర్రర్లు ఎక్కువొస్తా ఉండాయి" అని అక్క కసిరింది.

గురువారం పొద్దున తెగించాను. నా తెగింపు అంటే ఎవరినో అడగడం కాదు, ఒక ప్రకటన రాయడం. 'మన ఫీడ్ పూర్తిగా ఉచితం. రోజూ ఉదయం ఆరింటికల్లా తాజాగా మీకు అందుతుంది. త్వరగా ఎదగాలంటే ఇంతకన్నా మంచి ఫీడ్ లేదు.' అక్క దానికి 'ముందు వచ్చిన రెండు వందల మందికే' అని తగిలించింది. కింద గ్రూపులో చేరే లింకు, మర్యాదకి ఆఫీసు ఫోన్ నంబరు కూడా పెట్టాను. (యాప్‌లు చేసేవాళ్ళు ఎవరికీ ఫోన్ చేయరు, ఆ ధైర్యంతో.) దాన్ని ఒకే ఒక్క మనిషికి పంపాను, మా చిన్నాయనకి. ఆయన ఫోన్‌లో లేని గ్రూపు లేదు. "చిన్నాయనా, ఇది నీ గ్రూపుల్లో పెట్టవా" అని మాత్రం రాశాను. ఏ గ్రూపుల్లో అని రాయడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఇక్కడ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మా చిన్నాయన గుంటలు తవ్వి రొయ్యలు సాగు చేస్తాడు. మా ఊళ్ళో సగం మంది చేస్తారు. నేను హోంవర్కులన్నీ చిన్నాయన షెడ్డులో ఫీడ్ బస్తాల మీద కూర్చుని చేసినదాన్ని. అల్లూరులో ఫీడ్ అంటే ఒకటే, రొయ్యల మేత. ఆ మాట నాకు నడక రాకముందే తెలుసు. కానీ పుస్తకాలు చదివి చదివి, ఊళ్ళో మాట ఒక అరలోనూ, చదువుకున్న మాట ఇంకో అరలోనూ పెట్టుకున్నాను. రెండు అరల మధ్యా తలుపు లేదు.

గంటలో యాభై ఎనిమిది. భోజనాల వేళకి నూట ఇరవై. మూడింటికి రెండు వందల పన్నెండు! అక్క "స్తోత్రం" అని రెండుసార్లు అంది. సారు బజారు నుంచి మైసూర్‌పాక్ తెప్పించాడు. "చూసినావా, మన పల్లెల్లో ఇంత మంది డెవలపర్లు ఉండారని ఎవురికి తెలుసు?" అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆ ఊపులో మర్నాటి ఫీడ్ రాశాను. అంత బాగా ఎప్పుడూ రాయలేదు. 'జాగ్రత్త! పాత ఏపీఐ ఈ నెలాఖరుతో ఆగిపోతోంది. ఇంకా దాన్నే నమ్ముకున్న వాళ్ళు వెంటనే మానండి, లేకపోతే మీ శ్రమంతా ఒక్కరోజులో క్రాష్ అవుతుంది.' (ఏపీఐ అంటే ఒక యాప్ ఇంకో చోటి నుంచి సమాచారం తెచ్చుకునే దారి. ముప్పై ఒక్క మందికీ తెలుసు కదా అని వివరించలేదు.)

శుక్రవారం నేను మెట్లెక్కేసరికి ఫోన్ మోగుతోంది. ఫోన్ల దగ్గర కూర్చునే ఆయన ఆ రోజు రాలేదు. అక్క రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని "తియ్యి మే" అంది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆరోసారి తీశాను. నేను హలో అనకముందే అవతల ఒక పెద్దాయన గొంతు.

"ఏం పాపా, ఏపీఐ అంటే ఏ కంపెనీ? మొన్న కొత్త ఫీడ్ ఏసినా. బస్తా మీద ఇంగ్లీషులో రాసుండాది, నాకు చదవను రాదు. అదేనా ఇది?"

నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఏ ఫీడండీ?" అన్నాను.

"మా గుంటలో ఏసే ఫీడ్! ఒక్కరోజులో క్రాష్ అయిపోద్దని నువ్వే కదా రాసింది? మనుషుల్ని పిలిపిచ్చినా. సైజు ఇంకా రాలా, అయినా పోయేదానికన్నా మేలు గదా. ఇంకో అర్ధగంటలో వల ఏసేస్తాం."

అప్పుడు నా తలలో ఆ రెండు అరల మధ్యా తలుపు ధడాలున తెరుచుకుంది. బస్తాలు, గుంటలు, చిన్నాయన, ఉచితం, త్వరగా ఎదగాలంటే. ఒక మనిషి నెలల తరబడి కాపాడుకున్న పంటని, నేను రాసిన మాట చదివి, ఎదగకముందే పట్టేయబోతున్నాడు.

"వద్దు!" అని అరిచాను. "వల వెయ్యొద్దు! మీ రొయ్యలకేం కాలేదు! నేను రాసింది రొయ్యల గురించి కాదు, ఫోన్ల గురించి!"

ఆఫీసంతా నా వైపు తిరిగింది. కింద బట్టల కొట్టులో బేరాలు కూడా ఆగిపోయాయని తర్వాత చెప్పారు. అవతల పెద్దాయన నిదానంగా, "ఫోన్లకి ఫీడ్ ఏంది పాపా?" అన్నాడు.

చెప్పాను. ఫోన్ పెట్టగానే ఇంకోటి మోగింది, దానికీ చెప్పాను. తర్వాత మోగేదాకా ఆగలేకపోయాను. ఎవరి మనుషులు ఏ గుంట గట్టు మీద నిలబడి ఉన్నారోనని గ్రూపులో ఉన్న నంబర్లన్నిటికీ నేనే చేయడం మొదలుపెట్టాను. "అన్నా, వల వెయ్యలేదు కదా?" అన్నదే నా హలో. కొందరు నవ్వారు. ఒకాయన "మరి ఉచితం అన్న బస్తాలు?" అని నిష్ఠూరపడ్డాడు. ఒకామె "మా ఆయన ఆశగా గోడౌన్ కూడా ఊడ్పిచ్చినాడమ్మా" అంది. మధ్యాహ్నానికి నా గొంతు పోయింది. ఆ గొంతుతోనే చిన్నాయనకి చేస్తే, "నాకేం తెలుసు మే, నువ్వేదో ఫీడ్ కంపెనీలో చేరినావని ఊరంతా చెప్పుకుంటా ఉంటిని" అన్నాడు.

నాలుగింటికి మెట్ల మీద చప్పుడైంది. నీరుకావి పంచె, చంకలో ఖాళీ గోతాలు, పొద్దున మొదటి ఫోన్ పెద్దాయన. "కావల్లో పనుండి వచ్చినా. అరిచిన పాప ఎవురో చూసి పోదామని. ఏదన్నా ఇస్తారేమోనని గోతాలు గూడా తెచ్చినాలే" అన్నాడు. అప్పుడే వచ్చిన మా సారుకి ఇదేదీ తెలియదు. చదివేవాళ్ళే స్వయంగా వచ్చారని పొంగిపోయి, కుర్చీ వేసి, "మా కౌంట్ ఇప్పుడు రెండొందల పన్నెండండీ!" అన్నాడు.

పెద్దాయన మొహం వాడిపోయింది. రొయ్యల లెక్క వేరు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్, కాబట్టి కౌంట్ పెరిగే కొద్దీ రొయ్య చిన్నది. "రెండొందల పన్నెండా? అయ్యో సామీ, అది పిల్లే గదా! పోయినసారి మాది నలభై" అన్నాడు. నా వైపు జాలిగా చూసి, "మేత సరిగ్గా పెట్టలా మీరు" అన్నాడు.

అక్క బల్ల కింద ఏదో పడినట్టు వంగిపోయింది. సారుకి సంగతంతా నేనే చెప్పాను, మిగిలిన గొంతుతో, ఆగకుండా. పెద్దాయన వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి, "మా మనవరాలు చదివి వినిపిచ్చింది. ఏం రాసినావో తెలీదు గానీ రాత బాగుండాది పాపా. నేను ఆ గ్రూపులోనే ఉంటా" అని, గోతాలు దులుపుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం గ్రూపులో క్షమాపణ రాసి, ఇది రొయ్యలకు కాదని మొదటి వాక్యంలోనే చెప్పాను. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే బస్సులో కూర్చుని చూస్తూనే ఉన్నాను. శనివారం ఉదయం సారు చెప్పులు విడవకముందే, "అప్‌డేట్ ఏంది?" అన్నాడు.

"నలభై" అన్నాను. అక్క గట్టిగా "స్తోత్రం" అంది.

సారు మాట మీద నిలబడే మనిషి. సోమవారం నుంచి నన్ను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, ఆ విభాగానికి పెద్దగా. ఆఫీసు లెక్కలో 'మన ఫీడ్' ఆ రోజే మూతపడింది. నేను మాత్రం బస్సులో రాసి రోజూ ఉదయం ఆరింటికి పంపుతూనే ఉన్నాను. ఆరూ పదికి పెద్దాయన జవాబు వస్తుంది, మనవరాలి చేత టైపు చేయించి: 'విన్నా పాపా. అర్థం కాలా. బాగుండాది.'

మొన్న పాత డైరీలు సర్దుతుంటే ఆ వారం పేజీలు తగిలాయి. సోమవారం మూడు పేజీల భయం, గురువారం రెండు పేజీల గర్వం. శుక్రవారం తిప్పాను. ఆ ఒక్క పేజీ ఖాళీ. డైరీ మొదలుపెట్టాక నేను ఏమీ రాయని రోజు అదొక్కటే. ఆ రోజు చెప్పాల్సిందంతా నోటితోనే చెప్పేసిందేమో, అప్పటి ఆ పిచ్చిపిల్ల.