రెండు వేళ్ళ లూజు

ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. రెండువేళ్ళమ్మ అంటేనే తెలుస్తుంది. కుట్టిన బట్ట వేసి చూసుకోడానికి ఎవరొచ్చినా నడుము దగ్గర, చంక దగ్గర, మెడ దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసేది. దూరితే సరే. దూరకపోతే, వేసుకున్న మనిషి బాగానే ఉందని మొత్తుకున్నా వినకుండా విప్పించి మళ్ళీ కుట్టేది. బట్టలో మనిషి ఉండాలిగానీ మనిషి మీద బట్ట ఎక్కి కూర్చోకూడదని ఆమె లెక్క. ముప్పై ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు.

మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద ఆమె కొట్టు. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం పెట్టాక మనిషి తిరగడానికి మిగిలింది జానెడు చోటు. వీధి చివర పడవల రేవు. కొట్టులోంచి మెడ చాస్తే నీళ్ళు కనిపిస్తాయి. ఆ ఒడ్డునే ఇన్నేళ్ళు బతికినా ఆమె ఏనాడూ కాలు తడుపుకోలేదు. తడిసినవి ఆరేయడమే నా వంతు, తడవడం నాకెందుకు అనేది.

ఆమె చెల్లెలి కూతురు అందుకు సరిగ్గా ఎదురు. నడక రాకముందే ఈత వచ్చిందని వాళ్ళమ్మ చెప్పుకుంటుంది. రేవు పక్కన క్లబ్బులో నీళ్ళమీద తేలే పొడుగాటి బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం నేర్పుతారు. ఆ పిల్ల రెండేళ్ళుగా అక్కడ చేతిసాయంగా ఉంటోంది. ఈ ఏడు నేర్పేవాళ్ళలో ఒకరు మానేశారు. పరీక్ష నెగ్గితే ఆ ఉద్యోగం తనదే. బోర్డు మీంచి పడాలి, నారింజ రంగు తేలే డబ్బా దాకా ఈది రావాలి, ఎవరి సాయం లేకుండా బోర్డు ఎక్కాలి, మునిగిపోతున్నట్టు నటించే మనిషిని లాక్కుని ఒడ్డుకు చేరాలి. అంతా ఆరు నిమిషాల్లో.

పిల్ల పాత స్విమ్‌సూట్‌కి చేతుల్లేవు. బోర్డు అంచు రాసుకుని మోచేతులు కందిపోయేవి, ఎండకు భుజాలు పొరలు లేచేవి. పొడుగు చేతులది కొనుక్కుంటానంటే, బట్టల విషయం కదా, పెద్దమ్మ కూడా బయల్దేరింది.

ఈత బట్టల కొట్లో పెద్దమ్మ ప్రతి సూటునీ లోపలి వైపు తిప్పి చూసింది. మొదటిదాని చంకలో కుట్టు తాడులా లావుగా ఉంది. వెయ్యిసార్లు తెడ్డు వేస్తే చర్మం ఊడొస్తుందని పక్కన పెట్టింది. రెండోదాని జిప్పు వెనకాల లోపలి పట్టీ లేదు, మెడ గీసుకుంటుందంది. మూడోదాన్ని పిడికిలి మీద సాగదీసి దీపానికి ఎదురుగా పట్టింది. వెలుతురు అవతలి నుంచి కనబడింది. అదీ పోయింది. నాలుగోది ముదురు నీలం. చదును కుట్లు, దళసరి గుడ్డ, ముందువైపు జిప్పు. అమ్మే ఆవిడకు అప్పటికి ఓపిక అయిపోయింది కానీ, ఏరిన సరుకు మాత్రం మంచిదని ఒప్పుకుంది.

పిల్ల అది వేసుకుని బయటికి వచ్చింది. వేళ్ళు దూరలేదు.

"ఊపిరి ఆడుతోందా నీకు?"

"ఆడుతోంది పెద్దమ్మా."

"చూస్తుంటే నాకు ఆడటంలేదు."

పొడిగా ఉన్నప్పుడు బిగుతుగా ఉంటేనే నీళ్ళలో సరిపోతుందని అమ్మే ఆవిడ చెప్పబోయింది. నువ్వు పుట్టకముందు నుంచీ కొలతలు తీస్తున్నానమ్మా అని పెద్దమ్మ నవ్వుతూనే అంది. చివరికి ఒక సైజు పెద్దది కొన్నారు. పిల్ల అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుని సరేనంది. పుట్టిన దగ్గర్నుంచీ పెద్దమ్మ కుట్టిన బట్టకు వంక పెట్టి ఎరగదు.

పరీక్షలో పదకొండు సెకన్లు ఎక్కువయ్యాయి. పొద్దున్నే ఏమీ తినకుండా పోయిందని తల్లి అంది. గాలి ఎదురైందని పిల్ల అంది. అయిదు వారాల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తామనీ, అప్పుడూ కాకపోతే బయటి వాళ్ళను తీసుకుంటామనీ నల్ల కళ్ళద్దాల కోచ్ చెప్పి పంపాడు.

సూటు ఉతకడం పెద్దమ్మ తన పనే అనుకుంది. లోపల కుట్టిన చీటీని కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మంచినీళ్ళలో జాడించాలి, మిషన్‌లో వేయకూడదు, పిండకూడదు, ఎండలో ఆరేయకూడదు. పసిపిల్లకు స్నానం చేయించినట్టుంది దీని వ్యవహారం అనుకుంటూ తొట్టి దగ్గర కూర్చుని లోపలి వైపు తిప్పింది.

పిరుదుల దగ్గర గుప్పెడు ఇసుక. చేతుల లోపల, మోచేతి మడత దగ్గర, సన్నగా నూలు ఉండలు లేచాయి. పొట్ట మీద అడ్డంగా, బోర్డు అంచు రాసుకున్న చార ఒకటి మెరుస్తోంది.

ఒక్కసారి తొడిగిన బట్ట అది. గుడ్డ తనమీద తను మడతపడి రాసుకుంటే తప్ప అలా ఉండలు లేవవు. ఒంటిని పట్టుకుని ఉన్న గుడ్డకు మడతపడే సందెక్కడిది? విప్పిన బట్టను చూసి మనిషి ఎడమ భుజం వంచి నడుస్తుందో కుడి భుజం వంచి నడుస్తుందో చెప్పగలిగిన మనిషికి ఇది చదవడం ఎంతసేపు. అయినా నమ్మబుద్ధి కాలేదు. సూటు చేతిని మణికట్టు దగ్గర బిగించి పట్టుకుని పైనుంచి మగ్గుతో నీళ్ళు పోసింది. మగ్గున్నర పట్టింది. రెండో చేతిలోనూ అంతే. ఎత్తి పట్టుకుంటే భుజం లాగేసింది.

సూటును తువ్వాలులో చుట్టి, తడి అద్ది, నీడన బల్లమీద పరిచింది. ఆ పూట ఇంక మిషను తొక్కలేదు.

మర్నాడు పిల్ల వచ్చినప్పుడు తల ఎత్తకుండానే అడిగింది.

"చేతుల్లో నీళ్ళు నిండాయా?"

పిల్ల దారపు ఉండలు సర్దుతూ కూర్చుంది. "కొంచెం."

"కొంచెమంటే?"

"బోర్డు ఎక్కేటప్పుడు ఇంకో మనిషిని వీపున వేసుకుని ఎక్కినట్టుంది."

"చెప్పొచ్చుగా, మొద్దూ."

"ఎలా చెప్పను? ఏరింది నువ్వు."

పెద్దమ్మ సూటు కొన్న చోట అడిగి చూసింది. వాడిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు కొట్టువాళ్ళు. చిన్న సైజు రావడానికి రెండు నెలలు పడుతుందట. ఇక సరిచేయాల్సింది తనే. పిల్లను అద్దం ముందు నిలబెట్టి గుండుసూదులు పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టేసింది. పొడి మీద తీసిన కొలతే కదా కొంప ముంచింది.

మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి ఇద్దరూ రేవు మెట్లు దిగారు. పిల్ల సూటుతో నీళ్ళలోకి దిగి నిలబడింది. పెద్దమ్మ చెప్పులు విడిచి, బట్టలు ఏమాత్రం పైకెత్తకుండా, మెట్టు మెట్టుకూ ఆగుతూ నడుము లోతు దాకా వెళ్ళింది. చాక్‌పీసు నీళ్ళలో పనిచేయదు, గుండుసూదులు గుడ్డను పాడుచేస్తాయి. అందుకని బట్టలు ఆరేసే క్లిప్పులు డజను తెచ్చుకుంది. ఒకటి పిల్ల చంక కింద, మిగతావి తన నోట్లో, కాలర్‌కి.

బట్టలు ఆరేసుకోడానికి ఇంతకంటే పొడి చోటు దొరకలేదా అమ్మా అని గట్టు మీంచి కోచ్ అడిగాడు. నోటినిండా క్లిప్పులుండటం వల్ల ఆమె ఏమీ అనలేకపోయింది. అది అతని అదృష్టం అంది పిల్ల తర్వాత.

చెయ్యి ఎత్తమంది, తెడ్డు వేసినట్టు తిప్పమంది, మెడ దాకా మునిగి లేవమంది. లేచినప్పుడల్లా గుడ్డ ఎక్కడ ఉబ్బుతోందో అక్కడ ఇంకో క్లిప్పు. అలల తాకిడికి ఆమె కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే ఎడమ చేత్తో పిల్ల భుజం పట్టుకుని, కుడిచేత్తో పని చేసింది.

కుట్టడం అంత తేలిగ్గా కాలేదు. ముందు పాత సూటును కోసి దానిమీద కుట్టి చూసింది. మామూలు కుట్టు వేసి లాగితే దారం పటపట తెగింది. మామూలు సూది గుడ్డకు చిల్లులు పెట్టింది. మొన గుండ్రంగా ఉండే సూది తెప్పించి, జిగ్‌జాగ్ కుట్టు వేసి లాగింది. ఆగింది. నాలుగు రోజులు పట్టింది. చేతులు, పక్కలు, నడుము అన్నీ లోపలికి తీసింది. పిల్ల వేసుకుని వచ్చాక పెద్దమ్మ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. వేళ్ళు దూర్చకుండా అక్కడే ఆగి, దారపు కొసలు తుంచడానికి కత్తెర అందుకుంది.

రెండో పరీక్షకు ఆమె వెళ్ళలేదు. కోటుకు లోపలి గుడ్డ వేస్తూ కూర్చుంది, తప్పు వేసి రెండుసార్లు విప్పింది. చెల్లెలు వచ్చి పోదామన్నా కదల్లేదు.

పిల్ల తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి సంచీ బల్లమీద పెట్టింది. ఆమె మొహంలోకి పెద్దమ్మ చూడలేదు. సూటు తీసి లోపలి వైపు తిప్పింది. మోచేతి దగ్గర బొటనవేలితో రాసి చూసింది. నున్నగా ఉంది. పొట్ట మీద చార పాతదే, కొత్తది లేదు. పిరుదుల దగ్గర విదిలిస్తే నాలుగు రేణువులు రాలాయి, అంతే.

తొట్టిలో మంచినీళ్ళు పట్టి సూటును మెల్లిగా ముంచింది.

"ఎన్ని సెకన్లు మిగిలాయి?" అంది.

"తొమ్మిది."

"సరే, ఆ తువ్వాలు ఇటు అందుకో. పిండకూడదు దీన్ని."