గాజులు కరిగేచోట కాపలా

మా చిన్నప్పుడు... నాన్న కుంపటి ముందు ఎప్పుడూ ఒకరు కాపలా ఉండేవారు. పోలీసు కాదండోయ్... నగ చేయించుకునే ఆవిడ!

బంగారం ఇచ్చేసి వెళ్లిపోయేవాళ్లు కాదు ఎవరూ. మోకాళ్లు తగిలేంత దగ్గరగా పీట వేసుకుని, మూసలో బంగారం కరిగి, కడ్డీగా చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాళ్లు. నాన్న ఊదుగొట్టం పక్కనపెట్టి, "కళ్లార్పకండమ్మా, ఆర్పితే అరతులం గాల్లో కలిసిపోద్ది" అని ఉడికించేవాడు. నేను వెనకనుంచి "అదుగో బల్లి!" అని అరిచేవాణ్ణి... ఒక్కరు తల తిప్పితే ఒట్టు!

ఏడో తరగతితో బడి మానేసి నేనూ ఆ కుంపటి ముందే కూర్చున్నాను. ఇప్పుడు జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర, నగలు చేసేవాళ్లం నలుగురం కలిసి ఒక స్టూడియో అద్దెకు తీసుకున్నాం. ఎవరి బల్ల వాళ్లది, ఎవరి గిరాకీ వాళ్లది. గ్యాస్ మంట మాత్రం ఉమ్మడి. దానికీ టెర్మిన్... అంటే ముందే టైము రాయించుకోవాలి! మంట వెలిగించుకోవడానికి టెర్మిన్ ఏమిట్రా దేవుడా...

పక్క బల్ల గాబి మంచిదే. కానీ రూల్సంటే ప్రాణం. ఓసారి ఆవిడ డ్రాయర్లో ప్లాస్టిక్ బల్లిని పెట్టాను. అరవలేదు సరికదా, "ఇది పసుపు చెత్త సంచిలోకి రాదు శీనూ, నల్ల డబ్బాలో వెయ్యాలి" అంది. ఏం చేస్తాం ఇలాంటి మనిషిని?

ఆమధ్య సుగుణమ్మ గారొచ్చారు. ఏలూరు మనిషి, ఇక్కడే నర్సుగా చేసి రిటైరయ్యారు. చనిపోయిన వాళ్లమ్మ గాజులు తెచ్చారు. మనవరాలికి చర్చిలో కన్ఫర్మేషన్ వేడుక... గాజులు వేసుకోదట, సిలువతో గొలుసైతే సరేనందట.

నేను గాజులు పట్టుకుని లోపలికి కదలగానే ఆవిడా లేచారు. గాబి అడ్డంగా నిలబడింది. పనిచేసే గదిలోకి కస్టమర్లు రాకూడదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు, అద్దాల తలుపు బయటే కూర్చోవాలి అంది.

"ఏమయ్యా శీనూ, ఆ పిల్లకి చెప్పు. మా అమ్మ బంగారం నా కళ్లముందే కరగాల. లేదంటే ఇటిచ్చెయ్, పోతాను."

"నన్ను కూడా నమ్మరా పిన్నిగారూ?"

"నిన్ను నమ్ముతానయ్యా. నీ మూసలో ఇంకెవరి బంగారం అంటుకునుందో ఎవరికి తెలుసు?"

గాబిని బతిమాలితే, "ఆ రూల్ మనందరం కలిసి పెట్టుకున్నదే, నువ్వూ ఒప్పుకున్నావు" అంటుంది. ఈవిడేమో గాజుల సంచి కోసం చెయ్యి చాపుతున్నారు. ఇద్దరి మధ్యా నా టెర్మిన్ కరిగిపోతోంది గానీ బంగారం కరగట్లేదు!

చివరికి గాబీయే తన ఫోను స్టాండుకి బిగించి, మూస ఎదురుగా పెట్టి సుగుణమ్మ గారి ఫోనుకి వీడియో కాల్ కలిపింది. తలుపుకి అవతల ఆవిడ, ఇవతల నేను. నాలుగడుగుల దూరానికి వీడియో కాల్!

"చెయ్యి అడ్డం తియ్యి! వెలిగారం పొడి అంత చల్లుతావెందుకయ్యా? ఆ పిల్ల ఫోను కదిపేస్తంది చూడు!"

తలుపులోంచి ఒకసారి, ఫోన్లోంచి ఇంకోసారి... ప్రతి తిట్టూ రెండేసి సార్లు!

గాజులు ఎర్రబడ్డాయి... వంగాయి... ఒక్కసారిగా ముద్దయిపోయాయి. తలెత్తి చూస్తే, సుగుణమ్మ గారు అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు.

"అయిపోయిందా... మా అమ్మ అన్నం వడ్డిస్తుంటే గలగలమనేవి. ఆ చప్పుడు ఇంక లేనట్టే కదయ్యా."

గాబికి తెలుగు ముక్క రాదు. అయినా లేచి తలుపు తీసింది. మంట దగ్గర పెట్టుకునే తన కళ్లద్దాలు ఆవిడకు పెట్టి, తన స్టూలు నా పక్కన వేసింది. చల్లారిన కడ్డీని అరచేతిలో పెట్టుకుని సుగుణమ్మ గారు చాలాసేపు కూర్చున్నారు. నా తర్వాతి టెర్మిన్ వాడు వచ్చినా ఎవరూ లేవమనలేదు.

మర్నాడు తలుపు మీద గాబి రాసిన కొత్త కాగితం... "కాపలా కూర్చునేవాళ్లు ముందుగా టెర్మిన్ తీసుకోవాలి." ఆవిడ మారదు, నేను గోడకి తల బాదుకోవాల్సిందే!

ఇంతా చేస్తే, ఆ టెర్మిన్ అడిగినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు. నగలు ఫోన్లో ఆర్డరిస్తే డబ్బాలో వచ్చేస్తున్నాయి. అనుమానంతోనైనా సరే, పక్కన అంతసేపు కూర్చునే మనుషులు ఇప్పుడేరీ... కంసాలి ముందు పీట కదలకుండా కూర్చున్న ఆవిడ మీ ఇంట్లో ఎవరు? అమ్మమ్మా, మేనత్తా? కాస్త చెప్పండి, వింటాను...