బొట్టు పెట్టిన ప్రొజెక్టరు

ఆ సాయంత్రం మా ఇంటి గోడ మీద కోదండరాముడి కల్యాణం జరగాల్సింది. దాన్ని ఆపిన ఘనత నాదే. అది కూడా ఒంటి వేలితో. డైరీలో ఆ పేజీని రెండుసార్లు చింపి రెండుసార్లు మళ్లీ రాశాను కాబట్టి వివరాలన్నీ బాగా గుర్తున్నాయి.

మా అవ్వ ఏటా కల్యాణానికి ఒంటిమిట్ట వెళ్తుంది. ఈసారి కంటికి శుక్లం ఆపరేషనైంది. దుమ్ములోకీ జనంలోకీ వెళ్లొద్దన్నాడు డాక్టరు. అవ్వ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అదే వారం నాన్న కల్లూరులోని మా కొత్తింటికి ప్రొజెక్టరూ, ఐదు స్పీకర్లూ కొన్నాడు. నేను నోరు జారాను.

"అవ్వా, గోడంత రాముణ్ణి చూపిస్తా, సరేనా?"

నేను కొరియర్ అతను తలుపు కొడితే వంటింట్లో దాక్కునే మనిషిని. అలాంటిదాన్ని మాట ఇచ్చేసరికి అవ్వ నమ్మేసింది. నమ్మి ఊరుకుందా? ఎదురింటి మద్దమ్మత్తను కూడా పిలిచింది.

మా ఇంట్లోకి ఏ యంత్రం వచ్చినా ముందు బొట్టు, ఆ తర్వాతే కరెంటు. మిక్సీకైనా, బోరు మోటారుకైనా ఇదే మర్యాద. ఆ ఉదయం ఆ పని నాకు అప్పగించారు. ప్రొజెక్టరు ముఖాన గుండ్రంగా, నున్నగా, బొట్టు కోసమే చేసినట్టున్న చోట గంధం పూసి, నడిమధ్య ఉంగరపు వేలితో కుంకుమ దిద్దాను. పెళ్లికూతురిలా ఉందని నాన్న మెచ్చుకున్నాడు.

సాయంత్రం కిటికీలు మూసి, స్విచ్ వేసి, ఒంటిమిట్ట కల్యాణం ప్రత్యక్ష ప్రసారం పెట్టాం. ఐదు మూలల నుంచీ నాదస్వరం, మంత్రాలు, జనం కేకలు. గోడ మాత్రం చీకటిగా ఉంది. గుడి మొత్తం మా హాల్లోకి వచ్చింది, దేవుడు తప్ప.

"ఏం పాపా, రాముడు యాడుండాడు?" అంది అవ్వ.

"వస్తాడవ్వా. వైరు చూస్తాండా."

"అంగడాయనకు ఫోన్ చెయ్యి," అన్నాడు నాన్న.

ఫోన్! కొత్తవాళ్లతో! "వద్దు నాన్నా, పుస్తకం ఉండాది కదా," అని ప్రొజెక్టరుతో వచ్చిన పుస్తకం తెరిచాను. 'బొమ్మ రాకపోతే' అని ఒక పేజీ ఉంది. మొదటి సలహా చదవగానే ఒళ్లు మండింది. నవలల్లో ముందుమాట కూడా వదలని నాకా ఇది? మరీ చదువురానివాళ్ల కోసం రాశారనుకుని దాటేశాను.

మిగతా ఎనిమిది సలహాలూ పాటించాను. వైరు పీకి పెట్టాను. ఇంకో వైరు తెచ్చాను. రిమోట్‌లో ఉన్న ప్రతి మీటా నొక్కాను. నాన్న బల్ల పక్కన నిలబడి పెట్టెను అటూ ఇటూ తిప్పి, ముందువైపు చెయ్యి పెట్టబోయాడు.

"ఆడ ముట్టొద్దు నాన్నా! బొట్టు చెరిగిపోతాది!"

నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని లెంపలేసుకున్నాడు.

"గంధం వాసన వస్తాంది, చూడండి," అంది మద్దమ్మత్త పరవశంగా. "స్వామి వచ్చేసినట్లే."

"వచ్చి యాడ కూచున్యాడంట?" అంది అవ్వ.

అంతలో గట్టిమేళం మోగింది. మాంగల్యధారణ. మద్దమ్మత్త ఖాళీ గోడ మీద అక్షింతలు చల్లి దండం పెట్టుకుంది. అవ్వ చల్లలేదు. గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.

"చూడకుండా యెట్ల చల్లేది పాపా?"

నాకు ఏడుపొచ్చింది. అంగడికి ఫోన్ చేసేద్దామని నిజంగానే లేచాను. నాకంటే ముందు అవ్వ లేచి ప్రొజెక్టరు దగ్గరికి వెళ్లి, ఆపరేషన్ చేయించుకున్న కంటితో దాని ముఖంలోకి చూసింది.

"ఇది యాడ్నుంచి చూపిస్తాది?"

"ముందు నుంచి అవ్వా."

"ముందంటే నువ్వు బొట్టు పెట్టిందే కదా?"

"ఊఁ."

"మరి నా కంటికి కట్టు ఇప్పకముందు నాకేమన్నా కనపడిందా?"

కొంగుతో పట్టుకుని లాగింది. నేను ముఖమనుకున్న మూత టక్కున ఊడొచ్చింది. గోడ నిండా సీతారాములు, వాళ్ల మీద తలంబ్రాలు! అవ్వ గుప్పిలి విప్పింది. సగం గింజలు రాముడికి, సగం నా నెత్తికి.

తర్వాత పుస్తకం మళ్లీ తెరిచాను. మొదటి సలహా: 'లెన్సు మూత తీశారా?'

నా డైరీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముఖమేదో మూతేదో తేల్చుకోకుండా ఇకపై ఏ యంత్రానికీ బొట్టు పెట్టను. చదువురానివాళ్ల కోసం రాశారనిపించిన వాక్యాన్ని మూడుసార్లు చదువుతాను.

ఆ మూత ఇప్పుడు పూజగదిలో ఉంది. బొట్టు పెట్టినదాన్ని అటకమీద పారేయకూడదట. అవ్వ రోజూ నాతో దానికి దండం పెట్టిస్తోంది.