డి నుంచి మొదలైన ఇంగ్లీషు

నాగేష్‌కు వచ్చిన ఇంగ్లీషు డి అక్షరంతో మొదలవుతుంది. అందులో అతని తప్పేమీ లేదు. ఆదోనిలో పాత పేపర్ల అంగడిలో తూకానికి కొన్న డిక్షనరీకి అట్ట లేదు, ఏ, బీ, సీ పేజీలూ లేవు. అవి ఏ మిరపకాయ బజ్జీలకో పొట్లాలైపోయి ఉంటాయి. మిగిలినదాన్ని ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చుని ఏడేళ్లు చదివాడు. కాళ్ల పని కాళ్లది, చేతుల పని చేతులది. కళ్లు మాత్రం గోడకు ఆనించిన పేజీ మీద.

“సీర నేస్తాండావా, సదువు నేస్తాండావా నాయనా? అంచు యాడికి పోతాందో సూడు!” అని తల్లి సరోజమ్మ రోజూ గొణిగేది.

ఫోన్లో చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే నాగేష్‌కు ఒళ్లు మండేది. “ఫోను అడిగితేనే సెప్తాది. నాకు తెలీని మాటను నేనెట్ల అడగాల?” అనేవాడు. పదో తరగతితో చదువు మాన్పించి గుంటలోకి దింపిన రోజు నుంచి అతని ముక్కు మీది కోపం దిగలేదు.

అలాంటివాడికి ఆదోనిలో ఒక పోస్టరు కనిపించింది. జయన్న సారు నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో పోటీ. ఒక పదం ఇస్తారు. దాని అక్షరాలతో అరగంటలో ఎన్ని పదాలు కడితే అన్ని. ఎక్కువ కట్టినవాడికి అక్కడే చిన్నపిల్లల బ్యాచికి టీచరు ఉద్యోగం. ‘డిగ్రీ అక్కర్లేదు’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. గుంటలోంచి పైకి లేవడానికి అంతకన్నా మంచి దారి తనకు దొరకదని నాగేష్‌కు తెలుసు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు.

గేటు దగ్గర అందరి ఫోన్లూ గంపలో వేయించుకున్నారు. బోర్డు మీద ‘కంటైనర్’ అని ఇంగ్లీషులో రాశారు. నాగేష్ తల ఎత్తలేదు. రిటైన్, ఓరియంట్, ఎనాక్ట్, ఓర్నేట్, నోటీస్... మగ్గంలో పోగుల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బెల్లు కొట్టేసరికి యాభై ఎనిమిది. పేపర్లు దిద్దిన సునంద మేడం ఒక్కొక్క పదానికీ టిక్కు పెట్టి, పైన ఆ అంకె వేసి గుండ్రం చుట్టింది. రెండోవాడు అశోక్, కాన్వెంట్ చదువు, నలభై ఒకటి.

జయన్న సారు కాగితం తీసుకుని చూశాడు. నాగేష్ అరిగిపోయిన చెప్పులను కూడా చూశాడు.

“ఏమి పని చేస్తావప్పా?”

“మగ్గం నేస్తాను సార్.”

“ఊఁ. సీతో ఏం రాసినావు? క్యాట్, కార్, కోట్, కాయిన్. ఒకటో తరగతి పిల్లోడు రాసేటివి. ఇచ్చిన పదంలోనే మొదటి ఏడక్షరాలు ‘కంటైన్’ అని కండ్లు పొడుస్తాండాయి. అది కనపడనోనికి ఓర్నేట్ యాడ కనపడిందప్పా? కాపీ కదా?”

“ఫోన్లన్నీ మీ గంపలోనే ఉండాయి సార్. ఏ పదం ఇస్తారో మీకు తప్ప ఎవురికీ తెలీదు. దేంట్లో చూసి కొట్టాల?”

“తెలివి చూపించాకు. ‘అబండెంట్’ అంటే ఏంది, చెప్పు.”

ఏతో మొదలయ్యే మాట అది. నాగేష్‌కు తెలియదు. అబద్ధం చెప్పడం చేతకాక ఉన్న సంగతి చెప్పేశాడు. “నా డిక్షనరీ డి నుంచే ఉండాది సార్. ముందు పేజీలు లేవు. డి నుంచి జెడ్ దాకా ఏదన్నా అడగండి.”

హాలంతా గొల్లుమంది. “డి నుంచి మొదలయ్యే ఇంగ్లీషు ఏ దేశందన్నా?” అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. “వీడు సున్నం కొని తమలపాకులు మర్చిపోయే రకం లాగుండాడు” అని ఇంకొకడు. జయన్న సారు కూడా నవ్వాడు. అడగమన్నది మాత్రం అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే నిజం తేలిపోయేది. తేలడం ఆయనకు ఇష్టం లేదు. మగ్గం గుంటలోవాడు కాన్వెంట్ పిల్లవాణ్ణి పదిహేడు పదాలతో ఓడించాడని ఒప్పుకుంటే, రేపు సెంటర్‌కు ఎవరొస్తారు?

ఉద్యోగం అశోక్‌కు ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

నాగేష్ నేరుగా బల్ల దగ్గరికి పోయి తన కాగితం ఆయన ముందు పరిచాడు. “కాపీ కొట్టినాడని దీని మీద రాసి సంతకం పెట్టండి సార్. తీసుకుని పోతాను.”

“ఏయ్, ఏమి దౌర్జన్యమా?”

“నోటితో ఇంతమందిలో అన్నారు కదా. చేత్తో రాసేకి ఏమి అడ్డం?”

జయన్న సారు పెన్ను తీశాడు. క్యాప్ ఊడదీశాడు. కాగితం మీద ఆ ఎర్ర టిక్కులను పైనుంచి కింది దాకా చూసి, క్యాప్ మళ్లీ బిగించాడు. “పో పో, బస్సు పోతాది” అన్నాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

నాగేష్ కాగితం మడిచి జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. వెనకే పరుగులాంటి నడకతో సునంద మేడం వచ్చింది. రోడ్డు మీద అందుకుంది.

“నాగేష్, ఒక్క మాట. నేనే కదా దిద్దింది. అవన్నీ నీవు సొంతంగా రాసినవే. ఆ అరగంటా నీ బెంచీ పక్కనే నిలబడి చూసినాను. నాకు తెలుసప్పా.”

నాగేష్ ఆగాడు.

“లోపల సెప్పింటే సరిపోతాండె మేడం. ఈడ రోడ్డు మీద సెప్తే నాకేమి, ఈ ఆటోలోల్లకేమి?”

ఆమె చీర కొంగు సర్దుకుంది. అతను బస్టాండు వైపు నడిచాడు.