దస్తీ పడిన సీటు

“...గుడ్డ గాలికెట్ల ఎగురుతదో గూడ లెక్కలు రాసుకుంట కూసుంటే ఎప్పుడైతదక్కా? దస్తీ ఏసినం, సీటు మీద పడ్డది, ఖతం.”

“పడ్తదా పడదా అన్నదే కదర ఆట.”

శంషాబాద్‌లో ఆదివారం ప్రార్థన ముగిశాక సునీల, తమ్ముడు జయకర్ చర్చి మెట్ల మీద కూర్చుని వాదించుకుంటున్నారు. సునీల ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు తూకం వేయిస్తుంది. తీరిక దొరికినప్పుడల్లా ఒక వీడియో గేమ్ తయారుచేస్తోంది. కిక్కిరిసిన మహేశ్వరం బస్సులోకి కిటికీ గుండా దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరి సీటు పట్టుకోవాలి. అదే ఆట.

మొదలుపెట్టిన రోజుల్లో ఆమె పాత లాప్‌టాప్‌లో ఆటల్ని నడిపించే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లు, అంటే గేమ్ ఇంజన్లు, తెరుచుకునేవి కావు. అందుకని బస్సు కుదుపునూ గుడ్డ మడతనూ లెక్కగట్టే ఇంజన్ తానే రాసుకుంది. మంచి లాప్‌టాప్ కొన్న తర్వాత కూడా దాన్ని వదల్లేదు. ఇప్పటికీ ఆట నడుస్తుంటే ఫోన్ వేడెక్కుతుంది, మధ్యలో ఆగిపోతుంది.

శనివారం సిటీలో కొత్త ఆటల ప్రదర్శన ఉంది. ఆటకు బొమ్మలు గీసే జయకర్, అక్కకు చెప్పకుండా అదే ఆటను రెడీమేడ్ ఇంజన్‌తో చేసి తెచ్చాడు. అది ఎక్కడా ఆగడం లేదు. రెండింటిలో ఏది పంపాలన్నదే తగువు.

చర్చిలోంచి అమ్మ ఇందిరమ్మ, పక్కింటి భాగ్యమ్మ బయటికి వచ్చారు. జయకర్ ముందుగా తన ఫోన్ భాగ్యమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వేలితో తోసింది. దస్తీ తిన్నగా వెళ్ళి సీటు మీద పడింది.

“దొరికింది. ఇగ ఏం జెయ్యాలె?”

“ఇంకో బస్సొస్తదత్తా.”

“సీటు దొరికినంక ఇంకో బస్సు నాకెందుకు బిడ్డా?”

సునీల తన ఫోన్ ఇచ్చింది. అందులో ఇద్దరు కలిసి ఆడొచ్చు. ఇందిరమ్మ వేసిన దస్తీ కిటికీ చువ్వకు తట్టుకుని రెపరెపలాడింది.

“లోపల కూసున్నామెను జర గుంజుమను సునీలా.”

“నువ్వే ఫోన్ ఊపమ్మా.”

బస్సు కుదిపింది. దస్తీ జారి, అప్పటికే భాగ్యమ్మ దస్తీ పడిన సీటు మీదే పడింది.

“నాది ముందుగాల పడ్డది వదినా.”

“పడితే అయితదా? నాది చూడు, ఎంత మంచిగ పరుచుకున్నదో. నీది ముద్దలెక్క మూలకున్నది.”

“ముద్దయితే ఏంది, దస్తీ కాదా? పోయినసారి మంఖాల్ బస్సుల గూడ గిట్లనే చేసినవ్.”

ఆట ఆగిపోయింది. తెర మీద ఏదీ కదలడం లేదు. వాళ్ళిద్దరూ అది గమనించలేదు. మంఖాల్ బస్సు దగ్గర్నుంచి వాళ్ళ గొడవ ఇంకా వెనక్కి వెళ్ళింది.

జయకర్ నవ్వు ఆపుకుంటూ అన్నాడు, “చూసినవా? శనివారం గూడ గిట్లనే ఆగుతది.”

“ఆగుతది.”

“మరి?”

సునీల వాళ్ళ మధ్యలోంచి ఫోన్ తీసుకుంది.

“ఇంజన్ మనదే ఉంటది తమ్మీ. శనివారం పోతలేం. ఆగకుండ చేసినంకనే పోదాం. ప్రదర్శనోళ్లకు ఇయాల్నే ఫోన్ చేసి చెప్తున్న.”